గండయ్య చివరి బొమ్మ

సిద్దిపేట సాలెవాడలో పటం కథ అంటే పర్శరాములుదే. ఇల్లంత పొడుగు గుడ్డ మీద రాసిన బొమ్మలను గుంజలకు వేలాడదీసి, ఒక్కొక్కటే విప్పుతూ నేతవాళ్ల కులకథ పాడతాడు. తాత పాడాడు, తండ్రి పాడాడు, ఇప్పుడు ఇతను. గొంతు మంచిది. ఆ సంగతి అతనికి కొంచెం ఎక్కువగానే తెలుసు.

ఆ కథలో చెడ్డవాడు గండయ్య. కథానాయకుడైన వీరుడి మగ్గాలకు నిప్పు పెట్టినవాడు. "అగ్గి వెట్ట వచ్చె గండడూ, ఆలుబిడ్డల ఉసురు దీయ" అని పర్శరాములు ఎత్తుకోగానే, ఆడవాళ్లు కొంగున కట్టుకొచ్చిన బూడిద తీసి ఆ బొమ్మ మీద కొట్టడం ఆనవాయితీ. ఏళ్ల తరబడి బూడిద తిని తిని గండయ్యకు ముఖమే లేకుండా పోయింది. కథ చివర వీరుడికి పెళ్లవుతుంది, హారతి ఇస్తారు, ఇంత బియ్యం పోస్తారు, ఎవరింటికి వాళ్లు పోతారు. పెళ్లి తర్వాత ఇంకొక బొమ్మ ఉంది. దాన్ని ఎవరూ విప్పరు. శుభం పలికాక చావు బొమ్మ ఎవరికి కావాలి?

ఎల్లవ్వకు కావాలి. ఆమెది గండయ్య వంశమని వాడకట్టులో చెప్పుకుంటారు. కథకు ముందురోజు ఆ ముసలామె వచ్చి పర్శరాములు ఎదురుగా కూర్చుంది.

"కొడుకా, నా మనుమరాలు కొండవ్వ ఆటకు వోతే పోరగాండ్లు దాని మీద బూడిద జల్లుతున్రు. గండని బిడ్డ అంటున్రు. ఏడ్సుకుంట ఇంటికొస్తది. గా ఆఖరి బొమ్మ ఒక్కసారి ఇప్పి సెప్పు."

"అండ్ల ఏమున్నదవ్వా?"

"నన్నడుగుతున్నవా? మళ్లొకపారి ఇల్లంటుకుంటే, మీ వీరుడు వాకిట్ల నిలవడి ఏడుస్తుంటే, మంటల్లకు ఉరికి ఆయన తల్లిని భుజాన ఏస్కొని తెచ్చిందెవలు? గండయ్యనే. తెచ్చి గడపల కూలి సచ్చిండు. తప్పు జేసిండు, కాదంటలేను. దిద్దుకున్నడు గద! తప్పే జెయ్యనోడు మంచిగుండుడు ఏం గొప్ప? సెప్పు."

పర్శరాములుకు ఆ మాట గుండెకు తాకింది. "చెప్తనవ్వా, నా గొంతు మీద ఆన" అన్నాడు. తండ్రి ఎన్నడూ పాడలేదు గనుక ఆ బొమ్మకు పాట తనకు రాదు. ఆ ముక్క ముసలామె ముందు ఒప్పుకోవడం నామోషీ అనిపించింది. బొమ్మ ఎదురుగా ఉంటే మాటలు అవే వస్తాయిలే అనుకున్నాడు.

లడాయి రోజులు. ఎక్కడో జరిగే యుద్ధంతో ఇక్కడ నూలు దొరకక మగ్గాలు పడుకున్నాయి. మర్నాడు పనిలేని జనం కథ పందిరి నిండా కూర్చున్నారు. పెళ్లి బొమ్మ అయింది. కులపెద్ద హారతి పళ్లెం ఎత్తబోతుంటే పర్శరాములు చెయ్యి అడ్డంపెట్టాడు.

"ఆగున్రి. ఇంకొకటున్నది."

విప్పాడు. ఎండ ఎరుగని రంగులు నిన్న వేసినట్టున్నాయి. గండయ్యకు ముఖం ఉంది! భుజాన ముసలితల్లి, చుట్టూ మంటలు, కాలిన మీసం. వెనక వరుసలో ఎల్లవ్వ లేచి నిలబడింది.

భార్య యాదవ్వ తాళం వేసింది. పర్శరాములు నోరు తెరిచాడు. తాళం ఇంకొక చుట్టు తిరిగింది. జనం చూస్తున్నారు. పదాలకోసం లోపలంతా వెతుక్కున్నాడు, ఏమీ లేదు. గండయ్య పేరు తలుచుకోగానే అలవాటుపడ్డ నాలుక తన దారిన తాను పోయింది.

"అగ్గి వెట్ట వచ్చె గండడూ..."

చేతులన్నీ కొంగుల్లోకి పోయాయి. అందరికంటే ముందు విసిరింది కొండవ్వ. తానూ అందరిలాంటి పిల్లనేనని చూపించుకోవడానికి ఇంట్లో చెప్పకుండా గుప్పెడు బూడిద తెచ్చుకుంది పాపం. ఆ పిల్ల వెనక వాడకట్టంతా కొట్టింది. క్షణంలో ఆ ముఖం కూడా పోయింది. కొండవ్వ చప్పట్లు కొట్టి నవ్వింది. పక్క పిల్లలు దాన్ని మొదటిసారి తమ దగ్గరికి లాక్కున్నారు.

పర్శరాములుకు తల కొట్టేసినట్టయింది. ఆడరాక మద్దెల ఓడన్నట్టు తాళం మీదికి నెట్టడానికి కూడా లేదు. "కాదు, ఆయన మంచోడే..." అని గొణిగాడు. హారతి పాటలో ఎవరికీ వినపడలేదు. తడిబట్ట తీసుకుని బొమ్మ తుడవబోయాడు. ఎల్లవ్వ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"వద్దు కొడుకా, రంగు లేస్తది."

తిట్టలేదు. తిడితే బాగుండునని అతను నిలువునా చచ్చిపోతూ అనుకున్నాడు. తల దించుకునే, "అవ్వా, నాకు గా పాట రాదు" అన్నాడు.

"నాకొస్తది" అంది ఎల్లవ్వ. "నిన్న నన్నడిగితే నేర్పుదును గద."