తోమియె అత్త దాచిన కత్తి

తోమియె అత్త పోయాక, ఆవిడ బట్టలపెట్టె అడుగున పట్టుగుడ్డలో చుట్టి ఉన్న కత్తి మినాయెకు దక్కింది. మూరెడు పొడవు, తెల్ల చెక్క ఒర. పెళ్ళీ పిల్లలూ లేని అత్త దాన్ని తమ్ముడి కూతురి పేరనే రాసి పోయింది. వానలు వెనకపట్టి ఎండ కాసిన రోజున ఆవిడ ఏటా దాన్ని బయటికి తీసి లవంగనూనె పూసేది. ఊపిరి తగిలితే తుప్పు పడుతుందని నోట కాగితం కరుచుకుని కూర్చునేది. ఆ నూనె వాసన సోకితే చాలు, యాభై ఆరేళ్ళ మినాయెకు మళ్ళీ ఏడేళ్ళు వచ్చేసేవి.

"మన పూర్వీకుడికి ప్రభువు స్వయంగా ఇచ్చిన కత్తి. మనది యోధుల రక్తం!" అనేవాడు అన్న కియొత్సుగు, సాకే సారా రెండు గుక్కలు పడగానే.

"ఆ రక్తమేనా బొద్దింకను చూసి కుర్చీ ఎక్కేది?" అనేది మినాయె.

ఏ ప్రభువో, ఎందుకిచ్చాడో మాత్రం ఎవరూ చెప్పలేదు. మినాయె ఒక బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. వేసవి సెలవులివ్వగానే కత్తినీ, దాని రిజిస్ట్రేషన్ కాగితాన్నీ సంచిలో పెట్టుకుని, అది తేల్చుకుందామని కత్తులకు పేరుపడ్డ ఒసఫునెకు రైలెక్కింది.

మిత్సుఒకా ఇల్లు యొషీ నది గట్టు కిందే. ఎనభై దాటిన మనిషి, అరవై ఏళ్ళుగా కత్తులకు సానపడుతున్నాడు. కిటికీ వెలుగులోకి కత్తిని వంచి పట్టుకుని, "ఇటు రామ్మా, అంచు పక్కన చూడు," అన్నాడు.

అంచు వెంట ఉక్కులోనే తెల్లగా పొగమంచులాంటి చార ఉంది. మినాయె చూస్తూ ఉండిపోయింది. మంచు కదిలినట్టయింది. దాని వెనక నీళ్ళున్నట్టూ, పాదాలు చల్లబడినట్టూ, ఎక్కడో దూరంగా ఎవరో ఎవరినో పిలుస్తున్నట్టూ అనిపించింది. ఎంతసేపు అలా ఉందో తెలియదు. గదిలో నీళ్ళ తొట్టీ, సానరాళ్ళూ మళ్ళీ ఒక్కొక్కటే కనబడ్డాయి.

"అందరూ అలాగే వెళ్ళొస్తారు," అన్నాడు ముసలాయన. వెదురు మేకు తట్టి పిడి ఊడదీశాడు. పిడిలో దాగిన ఇనుప తోకను వేలితో తడిమాడు. "చేసినవాడి పేరు లేదమ్మా. పైగా ఈ తుప్పు చూడు, ఒరలో పట్టింది కాదు. చాలాకాలం నీళ్ళలో ఉండొచ్చింది."

"నీళ్ళలోనా?"

పిడి చెక్కకు అప్పటికే సన్నని బీట ఉంది. మెతుకుల జిగురుతో అతికిన చోట ఆయన నెమ్మదిగా విప్పాడు. రెండు చెక్కలూ పుస్తకంలా తెరుచుకున్నాయి. లోపల సిరా రాత. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివాడు.

"కాయహర రేవులో పడవ నడిపే ఇనె మాట ఇది. వరద తీశాక వలలో దొరికింది. సొంతదారు వచ్చి అడిగేదాకా మా ఇంట్లో ఉంటుంది."

ఇనె తోమియె అత్తకు ముత్తవ్వ. చిన్నప్పుడు "ఇది మనదేనా అత్తా?" అని అడిగితే, ఆవిడ నోట్లోని కాగితం తీసి, "మన దగ్గరుంది," అని మాత్రం అనేది. అప్పుడది జవాబులా తోచలేదు.

"అయితే ప్రభువు లేడన్నమాట," అంది చివరికి.

"వల మాత్రం ఉంది," అన్నాడు మిత్సుఒకా. "పిడి కొత్తది చెయ్యమంటావా?"

"వద్దండీ. ఆ రాత లోపలే ఉండనివ్వండి. ఎలా ఉందో అలాగే అతికించండి."

"జిగురు ఆరడానికి మూడు రోజులు పడుతుంది. ఆగుతావా మరి?"

"ఆగుతాను."

వీధిలోకి వచ్చి అన్నకు ఫోన్ చేసి సంగతంతా చెప్పింది.

"వలలోనా? చేపలతో పాటా?"

"ఆ సంగతి రాయలేదు."

"ఇప్పుడు సొంతదారొస్తే ఇచ్చేస్తావా ఏంటి?"

"ఇచ్చేస్తాను."

అవతల గ్లాసు కింద పెట్టిన చప్పుడు. "సరే. వస్తే నాకూ కబురు చెయ్యి. ఇద్దరం కలిసే ఇద్దాం. ఇన్నాళ్ళూ నేను చెప్పిన కోతలకి క్షమాపణ అడగొద్దూ!"

ఖాళీ చేతులతో గట్టెక్కింది మినాయె. ఇనె పడవ నడిపిన రేవు ఆనవాలు కూడా లేదు. దూరంగా వంతెన మీద లారీలు పోతున్నాయి. ఎండకు నది మీది గాలి అలలు అలలుగా ఊగుతోంది. రెల్లు పక్కన కూర్చుంది. కూర్చుంటే కళ్ళు మూతలు పడ్డాయి.

"ఓ...య్!"

ఉలిక్కిపడి లేచింది. అవతలి ఒడ్డున గడ్డి టోపీ పెట్టుకున్న మనిషి చెయ్యెత్తి ఊపుతున్నాడు.

"వస్తున్నా!" అని గట్టిగా కేక వేసింది మినాయె. ఎందుకు వేసిందో తనకే తెలియదు. అప్పటికే ఒడ్డు దిగి, చెప్పులతోనే చీలమండ లోతు నీళ్ళలో నిలబడి ఉంది.

అవతల, అతని పిలుపుకు, రెల్లులోంచి తడిసిన కుక్క ఒకటి దూకి అతని దగ్గరకు పరుగెత్తింది. ఆ మనిషి ఇటు చూసి, ఒక క్షణం తటపటాయించి, టోపీ తీసి వంగి నమస్కరించాడు. మినాయె కూడా నీళ్ళలోనే నిలబడి, నడుము వంచి నమస్కరించింది.