అరచేతిలో పిండి

ఆ రోజు ఇంట్లో అమ్మ, తాత రాఘవులు, కోంట ఆసుపత్రిలో నర్సుగా చేసే మా మేనత్త ఇంద్రాణి, నేను ఉన్నాం. నాన్న పొద్దున్నే పెళ్ళివారింటికి పందిరి వేయడానికి వెళ్ళాడు. పెళ్ళి మా వెనక వీధిలో, మంగ్లీ వాళ్ళ అక్కది. మంగ్లీ నాతో చదువుతుంది.

మంగ్లీ వాళ్ళు దొర్ల గిరిజనులు; వాళ్ళ పెళ్ళిలో ఆడపిల్లలు చేతులు పట్టుకుని వరసగా ఆడతారు. ఏడో తరగతిలో నేనూ ఒకసారి వరసలో నిలబడ్డాను. నాకు చలికాలంలో కూడా అరచేతులకు చెమట కారుతుంది. పక్క పిల్ల నా చేయి వదిలేసి, తన చేతిని లంగాకు తుడుచుకుంది. ఆ తర్వాత పెళ్ళిళ్ళప్పుడు నేను ఇంట్లోనే ఉండిపోయాను.

అత్త నన్ను జగదల్‌పూర్‌లో చర్మం డాక్టరమ్మకు చూపించింది. వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా ఊడడం తడి వల్లేనని చెప్పి ఆమె పూతమందు ఇచ్చింది. అది మానింది. చెమటకని రాత్రుళ్ళు రాసుకోమన్న మందు మాత్రం మండింది తప్ప పని చేయలేదు. అప్పుడు చెమట తగ్గించే చిన్న మిషన్ ఒకటి వాడమంది. రెండు పళ్ళేల నీళ్ళలో చేతులు ముంచి ఉంచితే సన్నటి కరెంటు పోతుంది. నెల రోజులుగా అత్త డ్యూటీ దిగాక బస్సెక్కి వచ్చి పెడుతోంది.

"చెమటకు కరెంటు పెట్టుడేందే ఇంద్రాణీ? రేపు దగ్గొస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కిస్తవా?" అన్నాడు తాత.

"ఇది బ్యాటరీది నాయనా. నీ టార్చిలైటంత గూడ లేదు. బిందూ, గాజులు తీసినవా?"

తీశాను. నీళ్ళలో చేతులు పెట్టగానే చీమలు పాకినట్టు చుర్రుమంది. అయ్యాక అత్త చేతులు తుడిచి, అమ్మ జల్లిస్తున్న బియ్యప్పిండి చిటికెడు తీసి నా అరచేతిలో వేసింది.

"ఊదు."

ఊదాను. పిండి ఎగిరిపోయింది. అంతకుముందైతే నా చేతిలో పిండి ముద్దయ్యేది. అమ్మ జల్లెడ ఆపి చూస్తూ ఉండిపోయింది. తాత నా చేయి తన చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఏందే ఇది, ఎండబెట్టిన తునికాకు లెక్కున్నది."

అప్పుడే డోలు మొదలైంది. వాకిట్లోంచి మంగ్లీ పిలిచింది. "బిందూ, రాయే. వరస కడుతున్నరు."

గుండె దడదడలాడింది. నాకు భయం వస్తే ముందు అరచేతులకే తెలిసేది. ఇప్పుడు చూసుకుంటే తడి లేదు. భయం లోపల ఉంది, చేతులు దానితో సంబంధం లేనట్టు ఊరికే ఉన్నాయి. భయమూ చెమటా ఒకటేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

"అత్తా, గుండె కొట్టుకుంటాంది. చెమట మాత్రం రాలే."

"గుండెకు నా దగ్గర మిషన్ లేదు."

"మల్ల వస్తే?"

"ఆపేస్తే వస్తది. వారానికోసారన్న పెట్టుకుంటనే ఉండాలె. ఇయ్యాల పో."

గడప దాటాను. మంగ్లీ నా వైపు చూడకుండానే చేయి పట్టుకుని, మగపెళ్ళివారి జీపు బురదలో దిగబడిందని నవ్వుతూ చెబుతోంది. ఆమె అరచేతిలో రోకలి పట్టి కాచిన కాయ గట్టిగా తగిలింది. ఇంకొకరి చేయి ఇలా ఉంటుందని నాకు తెలియదు. తడి అడ్డం లేకుండా ఎవరి చేతినీ నేను ముట్టుకోలేదు.

వెనక వీధికి చేరగానే పందిరి కింద పిల్లలంతా మావైపు తిరిగారు. "రేపొస్తనే" అని చేయి విడిపించుకుని ఇంటికి తిరిగొచ్చాను.

అత్త గడపలో నిలబడి ఉంది. నన్ను చూసి, "ఇయ్యాలనే పో" అని నవ్వి, తలుపు వేసి లోపల గడియ పెట్టింది.