ఆర్చిబాల్డ్ రాసిన అబద్ధం

మా అక్క మేరియన్ భర్త ఆర్చిబాల్డ్ గెమ్మెల్ ఇరవై ఆరేళ్లపాటు ఒక్కరోజు తప్పకుండా సేద్యం సంగతులు పుస్తకంలో రాశాడు. గాలి ఎటు వీచింది, ఏ గొర్రె ఈనింది, ఓట్స్ గింజలు ఎప్పుడు చల్లారు. సొంత బిడ్డ పోయిన రోజు కూడా రాశాడు. గట్టు తగాదాలొస్తే మా ఏర్‌షైర్ కొండల్లోని రైతులంతా ఆ పుస్తకం తెరిపించి, అందులో ఉన్నదానికి కట్టుబడేవారు. నా భర్త పోయాక నేను వాళ్లింట్లోనే ఉండేదాన్ని.

ఆ ఏప్రిల్‌లో పొరుగు రైతు హ్యూ మెకిర్డీ కుక్క మా మందమీద పడింది. పొద్దున్నే వెళ్లేసరికి తొమ్మిది చూలు గొర్రెలు గొంతులు చీరి పడున్నాయి. ఒకదాని పొట్టలోంచి పిల్ల సగం బయటికొచ్చింది. కుక్క ఇంకా దాన్ని పీకుతూనే ఉంది. బావ ఆ కుక్కని అక్కడే తుపాకీతో కాల్చేశాడు.

గంటలోపే హ్యూ దుడ్డుకర్రతో మా వాకిట్లోకి వచ్చాడు.

"నా కుక్కని చంపుతావురా, రాతలోడా? బయటికి రా!"

"ముందు నా గొర్రెల్ని చూడు హ్యూ. తరవాత మాట్లాడు," అన్నాడు బావ.

"చూసేదేంట్రా? ఇదిగో, ఇది కూడా రాసుకో!"

కర్ర బావ దవడమీద పడింది. పళ్లు రాలాయి. కిందపడ్డవాడి కుడిచేతిని హ్యూ మేకుల బూటుతో మళ్లీ మళ్లీ తొక్కాడు. వేళ్లు విరిగిన చప్పుడు గుమ్మంలో ఉన్న నాకు వినబడింది. నేను అరుస్తూ అతని వీపుమీద పడ్డాను. మోచేత్తో విసిరికొడితే గోడకి గుద్దుకున్నాను. అప్పుడు అక్క పార పట్టుకుని వచ్చింది. మొదటి దెబ్బకే హ్యూ మోకాళ్లమీద కూలాడు. కర్ర జారిపోయింది. చేతులు పైకెత్తి, "వద్దు మేరియన్!" అన్నాడు.

అక్క రెండోసారి కొట్టింది. పార అంచు మెడలో దిగబడింది.

అతను చాలాసేపు గిలగిలా కొట్టుకుని చనిపోయాడు. ఆ తరవాత బావ గోడ పట్టుకుని లేచి, లోపలికి వెళ్లి, పుస్తకం తీసి ఎడంచేత్తో వంకర అక్షరాలు రాశాడు: "ఉత్తరపు గాలి. నేను హ్యూను పారతో రెండుసార్లు కొట్టాను. చనిపోయాడు."

"అదేంటి, కొట్టింది నేను కదా!" అంది అక్క.

బావ నెత్తురు ఉమ్మి, "నోరు మూసుకోండి ఇద్దరూ," అన్నాడు.

కోర్టులో జడ్జి పొరుగువాళ్లని అడిగాడు: "ఈ పుస్తకంలో ఎప్పుడైనా అబద్ధం చూశారా?" లేదని అందరూ ప్రమాణం చేశారు. అక్క లేవబోయింది. గోళ్లు దిగేలా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. బావకి ఏడేళ్లు శిక్ష వేశారు.

బావ జైలునుంచి తిరిగొచ్చిన రోజు అక్క పుస్తకం ముందుపెడితే ఆయన పక్కకి నెట్టేశాడు.

"ఇంక దీన్ని ఎవరు నమ్మాలే? నేనే నమ్మను."

మరి రాయలేదు.

మర్నాడు అక్క హ్యూ తల్లి దగ్గరికి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను.

"మీవాణ్ని చంపింది ఆయన కాదు, నేను. వద్దని వేడుకున్నా కొట్టాను," అని చెప్పింది.

ముసలామె ఇనుప గరిటె ఎత్తి అక్క ముఖాన కొట్టింది. కనుబొమ చిట్లింది. మళ్లీ ఎత్తింది. అక్క కదల్లేదు. ముసలామె గరిటె కింద పడేసి, "వాడు ఇంకేమన్నాడే? చెప్పు," అంటూ నేలమీద కూలబడింది.