గ్లూకోజు కలిపిన చెయ్యి

సైటులో అందరూ ఆమెను టన్నమ్మ అనేవారు. క్రేను నడిపే మనిషి బాగా లావుగా ఉన్న రోజుల్లో పెట్టిన పేరది. ఆపరేషనై కడుపు చిన్నదయ్యాక మనిషి సగానికి తగ్గింది గానీ, పేరు మాత్రం ఇసుమంత కూడా చిక్కలేదు. ఆమె పట్టించుకునేది కాదు. టన్నుల ఇనుము ఎత్తేది తనే కదా, పేరు దానికే పెట్టారులే అనుకునేది. అసలు ఆపరేషను చేయించుకుందే పైనున్న క్రేను క్యాబిన్ కోసం. సేఫ్టీ బెల్టు పట్టడం లేదు, ఇక పైకి ఎక్కనివ్వం అన్నారని పోయి కడుపు కోయించుకుంది.

ఆ ఉదయం క్యాబిన్‌లో కూర్చుని ఫ్లాస్కులో ఉన్న ప్రోటీన్ పాలు తాగింది. కాసేపటికి ఇనపకడ్డీల మోపు గాల్లో ఉండగా కడుపులో మెలిపెట్టింది. ఒళ్లంతా చెమటలు. గుండె దడదడలాడుతోంది. మీటల మీద చేతులు వణికాయి. మోపుకి సరిగ్గా కింద బాబాయి ఉన్నాడు. కొక్కేనికి బరువులు తగిలించే పెద్దాయనని ఆమె అలాగే పిలుస్తుంది.

"బాబాయ్, పక్కకి తప్పుకో! పక్కకి!" అని వాకీటాకీలో అరిచింది.

పళ్లబిగువున మోపు దించి, బ్రేకు వేసి, నిచ్చెన దిగి పరుగెత్తింది. బాత్రూమ్ తలుపు చేరేలోపే ప్యాంటు పాడైంది. అంతమంది మగవాళ్ల ముందు!

డాక్టరు ముందే చెప్పాడు. తీపి తింటే అది కడుపులో నిలవకుండా పేగుల్లోకి ఒక్కసారిగా జారిపోతుంది, ఆ తర్వాత ఇదిగో ఈ భాగవతమంతా జరుగుతుంది. అందుకే తీపి ముట్టదు. అన్నం తింటూ నీళ్లు తాగదు. ప్రతి ముద్దా గుజ్జయ్యేదాకా నములుతుంది. అయినా ఈమధ్య ఇలా జరగడం ఇది మొదటిసారి కాదు. తన ఒంటిని తనే తిట్టుకుంది.

సూపర్‌వైజరు మొహమాటపడలేదు. "ఇంక పైకెక్కొద్దు. స్టోర్లో కూర్చో. కింద మనుషులున్నారు, వాళ్లకీ ఇళ్లున్నాయి" అన్నాడు.

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడింది. అమ్మ పోయాక ఆమెను పెంచింది అక్కే. ఇప్పుడు వంటిల్లూ, ఫ్లాస్కూ అక్క చేతిలోనే ఉన్నాయి. ఆ పాలిపోయిన మొహం చూడగానే గ్లాసుడు ప్రోటీన్ పాలు తెచ్చి చేతిలో పెట్టింది.

"తాగవే, కాస్త ఓపికొస్తుంది."

నాలుకకి తగలగానే అనుమానం వచ్చింది. ఆ ప్రోటీన్ పొడికి ఎలాగూ ఒకలాంటి దొంగ తీపి ఉంటుంది. కొత్త డబ్బా కాబట్టి కాస్త ఎక్కువుందేమో అని ఇన్నాళ్లూ సరిపెట్టుకుంది.

"ఇందులో ఏం కలిపావ్?"

"రెండు చెంచాల గ్లూకోజు. రోజూ కలుపుతూనే ఉన్నా. ఎప్పుడైనా తెలిసిందా నీకు?" అంది అక్క, పెద్ద ఘనకార్యం చేసినట్టు.

టన్నమ్మ నిలువునా మండిపోయింది. గ్లాసు గోడకేసి కొట్టింది.

"డాక్టరు తీపి వద్దన్నప్పుడు పక్కనే కూర్చుని తలూపావు కదే!"

"తీపంటే మిఠాయిలనుకున్నా. గ్లూకోజు మందే కదా! పుల్లలా అయిపోతున్నావు, తిండి పెట్టడం లేదని నలుగురూ నన్ను ఆడిపోసుకుంటున్నారు..."

"లావుగా ఉన్నప్పుడు ఆ నలుగురి కోసమే నా పళ్లెంలో ముద్దలు తగ్గించావు. ఇప్పుడు మళ్లీ ఆ నలుగురి కోసమే దొంగతనంగా పోస్తున్నావు. నా కడుపు నాది కాదా? ఇవాళ నీ చేతివల్ల ఒక మనిషి చచ్చేవాడు!"

అక్క ఏడ్చింది. టన్నమ్మ మెత్తబడలేదు. మర్నాడు పొద్దున్నే అక్కను రెక్క పుచ్చుకుని సైటుకి లాక్కొచ్చింది.

సూపర్‌వైజరు ముందు అక్క జరిగిందంతా చెప్పింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరి ముందూ తలదించని మనిషి, చెప్పినంతసేపూ చెప్పుల వంకే చూసింది. తర్వాత తలెత్తి, ఆకాశంలోకి వెళ్లిపోయిన ఆ నిచ్చెనను చూసింది. నిన్న దించిన కడ్డీల మోపు చూసింది.

"దీని కింద ఉన్నది మీరేనా అన్నయ్యా?" అని మోపు పక్కనే ఉన్న బాబాయిని అడిగింది.

"నేనేనమ్మా."

అక్క ఆయనకి రెండు చేతులూ జోడించింది.

సూపర్‌వైజరు గడ్డం గోక్కున్నాడు. "సరే, ఎక్కు. ఈ పూట ఉత్త కొక్కెంతోనే తిప్పు. తేడా రాకపోతే అప్పుడు బరువు సంగతి చూద్దాం."

అక్క గబగబా సంచిలోంచి ఫ్లాస్కు తీసింది. "ఉత్త పొడే కలిపానే. నీమీదొట్టు."

టన్నమ్మ ఫ్లాస్కు అందుకుంది. మూత తీసి, అందరూ చూస్తుండగా పాలన్నీ నేల మీద కుమ్మరించింది. "నువ్వు ఒట్టేసినా నమ్మబుద్ధి కావట్లేదక్కా. నాది నేనే కలుపుకుంటా." ఖాళీ ఫ్లాస్కు అక్క చేతిలో పెట్టి నిచ్చెన ఎక్కింది.

బెల్టు పెట్టుకుంది. ఇంకా జానెడు మిగిలింది. కిందకు చూస్తే అక్క అక్కడే ఉంది, ఆ ఫ్లాస్కు గుండెలకి హత్తుకుని, సరిగ్గా కొక్కెం కిందే. ఎక్కడ నిలబడకూడదో కూడా తెలియని మనిషి. కోపం ఇంకా చల్లారలేదు.

వాకీటాకీ నొక్కింది.

"బాబాయ్, మా అక్కని అక్కణ్నుంచి పక్కకి జరుపు. తనక్కడుంటే నాకు చేతులాడవు."