గుబ్బియోకి సర్దిన సంచి

జెస్సప్‌లో ఇటలీలోని గుబ్బియో వెళ్లొచ్చినవాళ్లకు కొదవ లేదు. ఈ పెన్సిల్వేనియా బొగ్గు ఊళ్లో సగం మంది తాతముత్తాతలు అక్కణ్ణుంచి గనుల్లో పనికి వచ్చినవాళ్లే. అందుకని బెర్నీస్ ప్రయాణం సంగతి తెలియగానే తలా ఒక సలహా ఇచ్చారు. చక్రాల పెట్టె వద్దు, ఆ రాళ్ల బాటల మీద చక్రాలు ఊడిపోతాయి. కొత్త బూట్లు అసలే వద్దు, తొడిగి తొడిగి మెత్తబడ్డవే కావాలి. సెప్టెంబరే అయినా పొద్దు వాలితే కొండ మీంచి చలిగాలి దిగుతుంది, స్వెట్టరుండాలి. గొడుగు దండగ, వానకోటు మేలు. వీపుకు తగిలించుకునే సంచి ఒక్కటి చాలు. దాన్ని మోసుకుని మీ ఇంటి మెట్లు ఎక్కి దిగి చూడు, ఆయాసం రాకపోతే బయల్దేరు.

బెర్నీస్ అన్నీ బుద్ధిగా పాటించింది. బేస్‌మెంటు మెట్లు కూడా ఎక్కి దిగింది. ఆమె బాధల్లా ఎల్వీరా గురించే.

ఎల్వీరా ఆమె ఆడపడుచు, చనిపోయిన భర్త నెల్లోకి అక్క. పెళ్లి చేసుకోలేదు. తల్లి జెలిండా పోయేదాకా తల్లిని చూసుకుంది, తర్వాత అదే ఇంట్లో ఒక్కతే ఉండిపోయింది. నెల్లో బతికున్నన్నాళ్లూ ఈ ఆడవాళ్లిద్దరి మధ్య పొడి పలకరింపులే. అతను పోయాక, ఆదివారం చర్చి నుంచి వస్తూ ఎవరో ఒకరి వంటింట్లో కాఫీకి కూర్చోవడం అలవాటైంది. అలా ఒక ఆదివారం, "అమ్మ ఊరు చూడకుండానే పోతానేమో," అంది ఎల్వీరా, కప్పులోకి చూస్తూ. బెర్నీస్ ఆ వారమే టికెట్లు కొంది. ఎల్వీరాకు డెబ్బై ఏడేళ్లు. ఒకవైపు తుంటి కీలు మార్చారు.

ప్రయాణం ముందు రోజు మధ్యాహ్నం బెర్నీస్ తన సంచితో సహా ఆమె ఇంటికి వచ్చి, మంచం మీదున్న ఎల్వీరా సంచిని ఎత్తి చూసి మళ్లీ కింద పెట్టేసింది.

"ఏం కుక్కావు ఇందులో? బొగ్గా?"

"నా బట్టలు."

"నువ్వు మోసేదేనా ఇది? తియ్, అన్నీ తీసి చూపించు." ఆమే ఒక్కొక్కటీ పైకి లాగింది. "రెండు గౌన్లా? ఎవరు చూడాలని?"

"చర్చికి ప్యాంటేసుకుని పోనా? అమ్మ లేచొస్తుంది."

"మీ అమ్మ లేచొస్తే ముందు నన్ను తిడుతుందిలే. ఒకటి తీసెయ్. ఈ పెద్ద సీసా ఏంటి? షాంపూనా? అక్కడ జనం తల రుద్దుకోరా?"

"పోలండు పిల్లకి పెత్తనమిస్తే ఇంతే," అంది ఎల్వీరా. మాటలో విసురు లేదు. జెలిండా కోడల్ని జీవితాంతం పిలిచిన పేరది. కూతురి నోట్లో అరిగి మెత్తబడింది.

సంచి అడుగున దిండుగలేబులో చుట్టిన మూట ఒకటి గట్టిగా చేతికి తగిలింది. బెర్నీస్ దాన్ని విప్పింది. లోపల చిన్నపిల్లల బూట్లు, తోలు ఎండి కర్రలా బిగుసుకుపోయినవి. మడమల కింద ఇనుప మేకులు తుప్పుపట్టి ఉన్నాయి.

"వీటికోసమా నీ మందుల పెట్టె బయట పెట్టావు?" అంటూ ఆమె వాటిని కుర్చీలోకి విసిరింది. ఒకటి జారి నేల మీద పడింది.

"ముట్టుకోకు!"

ఎల్వీరా గొంతు అంత పెద్దగా లేవడం బెర్నీస్ ఎప్పుడూ వినలేదు. వంగలేని నడుముతో ఆమె వంగబోతుంటే, బెర్నీసే గబుక్కున వంగి బూటు తీసి ఆమె చేతిలో పెట్టింది. ఎల్వీరా మంచం అంచున కూలబడి, బూటు మీది దుమ్ము ఆ గలేబు అంచుతో తుడవసాగింది.

"అమ్మకి ఒక చెల్లెలుండేది. నీకు తెలీదు. నెల్లోకీ తెలీదు. ఆర్జియా అని."

"చెప్పనేలేదే?"

"అమ్మ చివరి వారం వరకూ నాకూ చెప్పలేదు. ఇద్దరికీ కలిపి ఈ ఒక్క జతేనంట. ఇయ్యాల ఒకళ్లు, రేపొకళ్లు. అమెరికా బయల్దేరే ముందు డాక్టరు చూసి, చిన్నదాని కళ్లల్లో జబ్బుంది, ఓడెక్కనివ్వరన్నాడు. దాన్ని వాళ్ల అమ్మమ్మ దగ్గరొదిలారు. కళ్లు బాగయ్యాక పిలిపిద్దామనుకున్నారు. బూట్లు అమ్మ తొడుక్కుంది. పదేళ్లది, దానికేం తెలుసు? వీధి చివరిదాకా ఆ పిల్ల ఉత్తకాళ్లతో రాళ్ల మీద పరిగెత్తుకుంటూ వచ్చిందంట. 'నా బూట్లు, నా బూట్లు' అని ఏడుస్తూ."

"తర్వాత?"

"ఆ చలికాలం ఆ ఊరాయన ఒకడు ఇక్కడికి గనుల పనికొచ్చాడు. అమ్మావాళ్లు పరిగెత్తి అడిగితే, ముసలామె చచ్చిపోయింది, పిల్లా పోయింది అన్నాడు. అంతే. ఆ వసంతంలో తాత గని కూలి పోయాడు. ఇంక ఎవరూ ఆ మాటెత్తలేదు." ఎల్వీరా బూటును ఒళ్లో పెట్టుకుంది. "చిన్న సమాధైనా ఉంటుంది కదా ఎక్కడో. అక్కడ పెట్టి వద్దామని."

బెర్నీస్‌కు తన పెళ్లి రోజు గుర్తొచ్చింది. స్క్రాంటన్‌లో జీతం కూడబెట్టి కొనుక్కున్న తెల్లటి ఎత్తుమడమల జోళ్లు వేసుకుని హాల్లోకి వస్తే, జెలిండా వాటినే చూసి, "ఈ ఒక్కరోజుకేనా కొన్నావు?" అని అడిగి, లేచి బయటికి వెళ్లిపోయింది. ఆ మాటను పోలండు కోడలి మీద చిన్నచూపుగా లెక్కేసుకుని, అత్తగారు పోయే రోజు కూడా గదిలోకి వెళ్లకుండా వరండాలో నిలబడింది బెర్నీస్.

ఆమె లేచి, పక్క గదిలో ఉన్న తన సంచి తెచ్చి, రెండో స్వెట్టరు తీసి ఎల్వీరా మంచం మీద పడేసింది.

"ఇటివ్వు. నేను మోస్తా. నీ సంచిలో మందుల పెట్టె పెట్టుకో."

* * *

గుబ్బియోలో టాక్సీ కింది కూడలి దగ్గరే ఆగిపోయింది. అక్కణ్ణుంచి కొంత దూరం కొండ ఎక్కించే ఊరి లిఫ్టు, ఆ తర్వాత మెట్ల సందే. వాన వెలిసి రాళ్లు నున్నగా మెరుస్తున్నాయి. ఎల్వీరా ఊతకర్ర ఒక చేత, బెర్నీస్ భుజం ఒక చేత పట్టుకుని ఎక్కింది. ఎదురైన ప్రతి గడప దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంది.

"తిరిగిపోదామా?" అంది బెర్నీస్.

"ఇంత దూరం వచ్చి? నోర్మూసుకుని ఎక్కు."

ఇంటి ఆనవాలు ఎల్వీరా దగ్గరున్నది ఒకటే. కొండరాయి గోడలోంచి లోపలికి పొడుచుకొచ్చిన ఇల్లని తల్లి చెప్పేది. పైసందులో చిన్న కాఫీకొట్టుంటే ఇద్దరూ కూర్చున్నారు. కొట్టాయన కాఫీ పెడుతుంటే ఎల్వీరా తనకొచ్చిన ఇటాలియన్‌లో ఆ ఆనవాలు చెప్పి, చనిపోయిన పిల్ల పేరు కూడా చెప్పింది.

"ఆర్జియా ఇల్లా? ఆ పైన పచ్చ తలుపు. ఇప్పుడు ఫెర్నాండా ఉంటోంది, ఆవిడ కోడలు."

ఎల్వీరా కప్పు కింద పెట్టేసింది. "ఆ ఆర్జియా కాదు. చిన్నపిల్ల. చిన్నప్పుడే పోయింది."

"ఆ ఇంట్లో ఇంకో ఆర్జియా ఎవరూ లేరమ్మా. నా చిన్నప్పుడు ఆవిడ దగ్గరే గుడ్లు తెచ్చేవాణ్ణి. నోరు పెద్దది, మనసూ పెద్దదే."

మిగతా మెట్లు ఎలా ఎక్కారో బెర్నీస్‌కు గుర్తులేదు. పచ్చ తలుపు తీసిన ఫెర్నాండా డెబ్బై దాటిన మనిషి. చేతులకు పిండి అంటుకుని ఉంది. ఎల్వీరా తల్లి దగ్గర నేర్చుకున్న యాసలో తానెవరో చెప్పుకుంటుంటే ఆవిడ మొదట నవ్వేసింది.

"ఈ మాటలు మా మామ్మతోనే పోయాయి. ఎక్కణ్ణుంచి ఊడిపడ్డావే తల్లీ?" అని, జెలిండా పేరు వినగానే తలుపు పట్టుకుని నిలబడిపోయింది. "అమెరికా అక్క!"

పెనం మీద రొట్టె కాలుతుండగా ఆవిడ చెప్పింది, ఎల్వీరా ముక్కముక్కగా ఇంగ్లీషులో బెర్నీస్‌కు చెప్పింది. ముసలామె చనిపోయాక పిల్లను సాకేవాళ్లు లేక పక్క పట్నం పెరూజాలో ఒక ఇంట్లో పనికి పంపేశారు. కళ్లు వాటంతటవే బాగయ్యాయి. పెళ్లీడుకొచ్చాక ఈ ఊరి తాపీమేస్త్రీని చేసుకుని, ఇదే ఇంటికి తిరిగొచ్చింది. నలుగురు పిల్లలు. ముప్పై ఏళ్ల కిందట, నిద్రలో పోయింది.

"పోయింది అన్నాడు," అంది ఎల్వీరా, ఎవరితోనూ కాకుండా. "పెరూజా పోయిందని చెప్పాడు వాడు. మావాళ్లు చచ్చిపోయిందనుకున్నారు. ఒక్కళ్లు, ఒక్కళ్లు కూడా మళ్లీ అడగలేదు."

"మా అత్తమ్మ ఏమనేదో తెలుసా?" అంది ఫెర్నాండా. "అమెరికా పోయినోళ్లకి మనమేం గుర్తుంటాం అనేది. కొన్నాళ్లు ఏడ్చిందంట. తర్వాత మానేసింది. పిల్లలు, పొలం, కోళ్లు... ఏడవడానికి తీరికెక్కడిది?"

బెర్నీస్ సంచిలోంచి మూట తీసి బల్ల మీద విప్పింది. ఎల్వీరా వాటి కథ చెప్పింది. ఫెర్నాండా ఒక బూటు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బూట్ల సంగతి ఎప్పుడూ చెప్పలేదే," అంది నెమ్మదిగా. "మర్చిపోయుంటుంది."

ఎల్వీరా తల వంచుకుంది. డెబ్బై ఏళ్లకు పైగా అమ్మ మోసిన బరువు ఇక్కడ ఎవరికీ గుర్తు కూడా లేదు. సంతోషించాలో ఏడవాలో తెలియక ఆమె చాలాసేపు రొట్టె ముక్క నోట్లో పెట్టుకోకుండా చేత్తో తుంచుతూ కూర్చుంది. చివరికి, "ఇక్కడే ఉంచుకో," అంది. ఫెర్నాండా వాటిని కిటికీ పక్క అరలో, ఉప్పు డబ్బా వెనక పెట్టింది.

మరునాడు ఉదయం ఫెర్నాండా మనవడి కారులో ముగ్గురూ ఊరి కింద మైదానంలో ఉన్న శ్మశానానికి వెళ్లారు. గోడలో వరసగా ఉన్న సమాధి అరలలో ఆర్జియాది నడుమెత్తులో ఉంది. రాయి మీద గుండ్రటి పింగాణీ బిళ్లలో ఫొటో. ఎవరి పెళ్లిలోనో తీసింది, నోరంతా తెరిచి పగలబడి నవ్వుతున్న లావుపాటి ముసలావిడ.

అచ్చం జెలిండా. అదే ముక్కు, అవే కనుబొమలు.

ఎల్వీరా ఆ బిళ్లను వేలితో తడిమింది. "అమ్మ నవ్వితే ఇలా ఉండేదన్నమాట," అంది. ఆ తర్వాత ఆమెకు ఏడుపు ఆగలేదు.

ఫెర్నాండా నీళ్లు తెచ్చి పాత పూలు తీసి కొత్తవి పెడుతోంది. బెర్నీస్ ఎల్వీరా నడుము చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. ఆ రాతి మీది ముఖాన్ని చూస్తుంటే, అత్తగారి ముందు ఒక్కసారైనా కూర్చుని ఉండాల్సిందనిపించింది. ఏం మాట్లాడేదో తెలియదు. ఊరికే కూర్చోవాల్సింది.

"ఆ తుంటితో ఎంతసేపు నిలబడతావు," అంది ఎల్వీరాతో. "ఆ బెంచీ మీద కూర్చుందాం రా. తొందరేం లేదు."