కెమెరాకి చిక్కిన మనిషి

"పేడ ఏరుకురావడానికి ఇంతసేపా? ఆ కొండమీద నీ పుట్టిల్లేమైనా ఉందా?"

చలికాలమంతా అత్తగారిది ఇదే పాట. బురుల్ గోనెసంచి దించి, బిగుసుకుపోయిన వేళ్ళతోనే పొయ్యి రాజేసేది. పుట్టిల్లు లేదు గానీ, మంచు చిరుత తిరిగే బండల సందుల్లో, ఎదుట ఏది కదిలినా వాటంతటవే ఫోటో తీసే కెమెరాలున్నాయి. వాటిని చూసుకునే పని చిరుతల మీద పరిశోధనకి రాజధాని నుంచి వచ్చిన సాల్తనత్ అప్పగించింది బురుల్ భర్త ఎర్మెక్‌కి. ఆయన ఒక్కసారి ఎక్కి, మోకాలు పట్టుకుని దిగాడు. "నువ్వెలాగూ పేడకి పోతావుగా, అవీ చూసిరా" అన్నాడు. ఆ 'ఎలాగూ' పుణ్యమా అనే కదా ఇంటిపనులన్నీ ఆమె నెత్తికెక్కాయి. అయినా ఈ ఒక్క పనికి ఆమెకి కోపం రాలేదు. మంచులో కొత్త అడుగుజాడ కనిపిస్తే ఒంటరిగా నవ్వుకునేది. కెమెరా మీట నొక్కేముందు తలగుడ్డ సవరించుకునేది. పెళ్ళయ్యాక ఆమెకి వేరే ఫోటోలే లేవు. పండగల్లో అందరూ ఫోటోకి నిలబడే వేళకి ఆమె వంట దగ్గర ఉండేది.

వసంతంలో సాల్తనత్ మళ్ళీ వచ్చింది. చిరుతలు ఇక్కడే పిల్లల్ని పెడుతున్నాయని రుజువైతే లోయలో వేట ఆపించవచ్చట. వేసవిలో పై కొండల్లో నెల్లాళ్ళు చిరుతల లెక్కింపు. చలికాలం పనిచేసినవాళ్ళకే ఆ అవకాశం.

"నేను సిద్ధమే" అన్నాడు ఎర్మెక్, నూనెలో వేయించిన బోర్సోకు రొట్టెముక్క తేనెలో ముంచుకుంటూ.

 ఆ నెల బురుల్‌కి కావాలి. జీవితంలో దేన్నీ ఇంతగా కోరుకోలేదు.

కెమెరాల్లోని ఫోటోలు చూపించడానికి సాల్తనత్ ల్యాప్‌టాప్ తెరిచింది. మొదటి బొమ్మలో బురుల్ మొహం. రెండో కెమెరాలోనూ బురుల్. మీట నొక్కినవాళ్ళే ముందుగా చిక్కుతారని ఎర్మెక్‌కి తెలీదు. తెలిసేంతసేపు అక్కడుంటే కదా.

"పేడకెళ్ళినప్పుడు అడ్డంపడి ఉంటుందిలే" అంది అత్తగారు.

"అన్ని కెమెరాలకీనా పెద్దమ్మా?" అంటూనే సాల్తనత్ ఒక బొమ్మ దగ్గర ఆగిపోయింది. తల్లి చిరుత, వెనకే రెండు పిల్లలు. అత్తగారు కూడా కళ్ళు చికిలించి ముందుకి వంగింది. "పిల్లి కూనల్లా ఎంత ముద్దుగా ఉన్నాయో" అంది.

"లెక్కింపుకి ఎవరొస్తున్నారు?" సాల్తనత్ ఈసారి బురుల్‌నే అడిగింది.

"నేనొస్తాను."

"నెల్లాళ్ళా? మరి ఇంట్లో పనో?" అన్నాడు ఎర్మెక్.

బురుల్ ఆయనవైపు తిరిగింది. "చలికాలమంతా రెండు పనులూ నేనే చేశానుగా. ఇప్పుడొకటి మీరు తీసుకోండి. కొండ మాత్రం నేనివ్వను."