ఎడమ పక్క పళ్లెం

బొంబాయి కామాటిపురా పదకొండో గల్లీలో యాదమ్మ ఖానావళి నడిపేది. నడిపేది అంటే వండేది, అంతే. పాలమూరు నుంచి వచ్చి కట్టడాల మీద పనిచేసే ఎనిమిది మంది రెండు పూటలా ఆమె గదిలోనే తినేవారు. నెల కాగానే పైసలు మాత్రం ఆమె మొగుడు దుర్గయ్య చేతిలో పెట్టేవారు. దుర్గయ్య పనిచేసే మిల్లులో సమ్మె మొదలయ్యాక అతనికి నెల పగారు లేదు. అయినా ఆయన దర్జాకేమీ లోటు రాలేదు. బియ్యం, కిరోసిన్ తానే తెచ్చేవాడు, మిగిలింది మట్కా జూదంలో పెట్టేవాడు. "మా ఆడది ఇంట్లనే ఉంటది. దానికి పైసలతోని ఏం పని?" అని గొప్పగా చెప్పుకునేవాడు. చెప్పుకోడూ మరి!

ఒకరోజు పోపులో ఆవాలు చిట్లి, మరిగే నూనె యాదమ్మ ఎడమ కంట్లో పడింది. సర్కారు దవాఖానాలో చూసి, చుక్కల మందు బయట కొనుక్కోమన్నారు. ఆలస్యం చేస్తే చూపు పోతుందని కూడా చెప్పారు.

"నెల కానియ్యి, సూద్దాం" అన్నాడు దుర్గయ్య.

యాదమ్మ తాముండే చాల్‌లో, వరస గదుల్లోని ఆడవాళ్లను అప్పు అడిగింది. వాళ్లూ ఇంట్లో ఉండేవాళ్లే. పొద్దంతా ఒళ్లు హూనం చేసుకుంటారు, ఒక్కరి చేతిలోనూ చిల్లిగవ్వ ఉండదు. చివరికి పగార్ల రోజు సాయంత్రం, ఖానావళి మనుషుల్లో పెద్దవాడైన బుచ్చయ్యను మెట్ల దగ్గర ఆపింది.

"బుచ్చయ్యా, ఈ నెల నీ ఒక్కని పైసలు నా చేతికియ్యి. కంటికి మందు తెచ్చుకుంట."

బుచ్చయ్య రెండడుగులు వెనక్కి వేసి కిందికి చూశాడు. కింద గుమ్మాల్లో దీపాలు వెలిగాయి, గిరాకీల కోసం ఆడవాళ్లు వచ్చి నిలబడుతున్నారు. ఆ గల్లీలో మగవాడు ఆడదాని చేతిలో నోటు పెట్టాడంటే దానికి ఒకటే అర్థం. అందుకే తెలుగువాళ్ల చాల్‌లలో పరాయి ఆడదాని చేతికి ఎవరూ పైసలివ్వరు. అదొక మర్యాద.

"గట్లనకు వదినె. ఎవలన్న జూస్తే నీ ఇజ్జత్ ఏం గావాలె? నువ్వు మా తల్లి లెక్క. అన్నకే ఇస్త, నీ కన్ను సంగతి గూడ చెప్త."

చెప్పినట్టే చేశాడు. మంచివాడు. దుర్గయ్య పైసలు తీసుకున్నాడు, మాట వదిలేశాడు.

ఆ మర్యాదే యాదమ్మ కన్ను తినేసింది. మళ్లీ నెల తిరిగేసరికి ఎడమ కంట్లో తెల్లటి పొర తప్ప ఏమీ మిగల్లేదు. బియ్యంలో రాళ్లు సరిగ్గా కనపడేవి కావు. ముద్దలో రాయి తగిలినప్పుడల్లా ఎవరో ఒకరు సణిగేవారు. "కండ్లు నెత్తికెక్కినయా?" అని దుర్గయ్య తిట్టేవాడు. పోయిన కన్ను గురించి ఏ రోజూ అడగనివాళ్లు, రాళ్ల గురించి రోజూ అడిగారు.

ఆ తర్వాతి పగార్ల రోజు అందరూ భోజనానికి కూర్చున్నాక, యాదమ్మ వడ్డించకుండా ఖాళీ పళ్లెం ఒకటి తన ఎడమ పక్కన పెట్టుకుంది.

"పైసలు నా చేతుల పెట్టకుండ్రి. గిండ్ల పెట్టుండ్రి. ఒక కన్నన్న మిగలాలె నాకు."

ఎవరూ కదల్లేదు. గోడకు ఆనుకుని కూర్చున్న దుర్గయ్య తంబాకు నములుతూ చూస్తున్నాడు. కాసేపటికి బుచ్చయ్య లేచి నోట్లు మడిచి పళ్లెంలో పెట్టాడు. తర్వాత ఒక్కొక్కరే లేచారు. యాదమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ పళ్లెం ఉపాయం మొదటి నెలలోనే ఎందుకు తోచలేదో అనుకుంటూ, కుడివైపు స్టవ్ మీదున్న అన్నం గిన్నె దించడానికి తిరిగింది.

దుర్గయ్య లేచి ఎడమవైపు నుంచి వచ్చాడు. ఎనిమిది మందీ చూశారు.

ఆమె గిన్నె దించి పళ్లెం మీద చెయ్యి వేసింది. అంచు దాకా తడిమింది, నోట్లు తగల్లేదు. తల తిప్పి బుచ్చయ్య వైపు చూసింది. అతను తన కంచంలోకి చూసుకుంటున్నాడు. దుర్గయ్య అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

యాదమ్మ ఖాళీ పళ్లెం పక్కకు జరిపింది. గరిటె తీసుకుని అందరికీ వడ్డించింది. ఆ పూట కూడా అన్నంలో రాళ్లు తగిలాయి. ఒక్కరూ సణగలేదు, నమిలి మింగారు.